కార్డు లోతును బట్టి మంచం బాడుగ

పెరియకుళం తెన్‌కరైలో నాలుగు వాటాల ఇల్లు బాడుగకిచ్చుకుని బతుకుతున్నాడు మా బావ. అంత అమాయకపు యజమాని ఈ చుట్టుపక్కల ఇంకొకడుండడు. వాటా ఖాళీ అయిందంటే ఆయన చేసే పని ఇది. వరాహనది అవతల వడకరైలో అలాంటి వాటా ఎంతకు పోతోందో కనుక్కుంటాడు. గోడలకు సున్నం వేయిస్తాడు, బోరు నీళ్లు మేడ మీదికి ఎక్కుతున్నాయో లేదో చూస్తాడు, ఒక రేటు అనుకుంటాడు. వచ్చినవాళ్లు బేరమాడితే రెండొందలు తగ్గిస్తాడు. వాళ్ల బాడుగ ఇంకెవరైనా కడతారా, కడితే ఎంతదాకా కట్టగలరు అని అడగాలన్న ఊహ కూడా ఆయనకు రాదు. ఇలాంటివాడు జన్మలో రెండో ఇల్లు కడతాడా?

పాపం, ఆయన్ని చట్టమే చెడగొట్టింది. తమిళనాడులో 1960 నాటి బాడుగ నియంత్రణ చట్టం ఇంటి ఖరీదు లెక్కగట్టి, అందులో ఏడాదికి 9 శాతమే న్యాయమైన బాడుగ అంది. దాన్ని తీసేసి 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త చట్టమేమో ఇద్దరూ ఒప్పుకుని కాగితం మీద రాసుకున్నదే బాడుగ అంటోంది. రెండు చట్టాలూ ఒక మూఢనమ్మకం మీద నిలబడ్డాయి: ఇంట్లో ఉండేవాడే బాడుగ కడతాడని! ఉండేవాడు ఒకడు, కట్టేవాడు ఇంకొకడు అయితే రేటు ఎలా పెట్టాలన్న విద్య ఆ చట్టాలు రాసినవాళ్లకూ తెలియదు, మా బావకూ తెలియదు. ఆ విద్యను నాలుగు రోజులుండి పోయే కాపురాల మీద పండించుకున్న మహానుభావులు వేరే ఉన్నారు.

అమెరికాలో దీని ఛాయలు కొంత కనబడ్డాయి. 2025 జనవరి 7న లాస్ ఏంజిలిస్ కొండల్లో మంటలు లేచి వేల ఇళ్లు బూడిదయ్యాయి. అక్కడి ఇంటి ఇన్సూరెన్సులో ఒక ఏర్పాటు ఉంటుంది. ఇల్లు కాలినవాళ్లు వేరేచోట తలదాచుకుంటే ఆ బాడుగను, పాలసీలో రాసిన మేరకు, కంపెనీ కడుతుంది. బాధితులు పొగలోంచి ఇంకా బయటికి రాకముందే కొందరు యజమానులు, ఏజెంట్లు రేట్లు దిద్దేశారు. కట్టేది కంపెనీ కదా, ఇంకెవరికి నొప్పి? కాలిఫోర్నియా వాళ్లకు మాత్రం నొప్పి పుట్టింది. ఆపత్కాలం ప్రకటించాక పాత బాడుగ మీద 10 శాతానికి మించి పెంచితే నేరమని అక్కడ చట్టముంది. ఏడాది దాకా జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా. రాష్ట్ర అటార్నీ జనరల్ కొందరు ఏజెంట్ల మీద కేసులు పెట్టాడు. ఇంత చిన్న సంగతికి జైలేమిటి! మదురైకి వచ్చి చూస్తే ఆయన సిగ్గుతో కేసులన్నీ వెనక్కి తీసుకుని ఉండేవాడు.

మనకూ ఇంటి ఇన్సూరెన్సు ఉంది, లేదని కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీని కంపెనీలన్నీ అమ్మాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆజ్ఞాపించింది. ఇల్లు కాలినా, వరదలో మునిగినా, బాగుచేసే దాకా వేరే ఇంటి బాడుగ ఇస్తారు. గరిష్ఠంగా మూడేళ్లు. కొత్త ఇల్లు అదే ఊళ్లో ఉండాలి, పాతింటికంటే ఏ విధంగానూ మేలైనదై ఉండకూడదు. ఇల్లు కోల్పోయినవాడు ఆ దుఃఖంలో కాస్త మంచి వంటగది చూసి మోజుపడతాడేమోనని ఎంత ముందుజాగ్రత్త! అయినా మన వీధుల్లో ఈ పాలసీ ఉన్న ఇల్లు వెతికి పట్టుకోవాలంటే తోటికోడళ్లిద్దరూ మెచ్చుకున్న అత్తగారిని వెతికినంత పని. వరదొస్తే మనకు బడి వరండా ఉంది, కల్యాణ మండపం ఉంది. కనుక ఈ దారిలో మన యజమానులకు ఆదాయం లేదు.

ఆదాయమంతా ఇంకో దారిలో ఉంది. మనలో నాలుగు రోజులకో వారానికో కాపురముండి, ఆ కాపురపు బాడుగను ఇన్సూరెన్సు చేత కట్టించుకునే అద్దెదారు ఎవరు? మంచమ్మీద పడుకుని, చేతికి సూది, మణికట్టుకు పేరు రాసిన పట్టీతో ఉన్నవాడు. ఆసుపత్రి రోగి! దేశంలో ఇంతకంటే మేలైన అద్దెదారు దొరకడు. గోడకు మేకు కొట్టడు. చుట్టాలొస్తే గంట చూసి వెళ్లగొట్టవచ్చు. రేటు ఎక్కువని ఇల్లు మారడు, మారలేడు, మంచం దిగితే గదా!

వత్తలగుండు మీదుగా మదురై వెళ్లి ఏదో ఒక పెద్దాసుపత్రి మెట్లెక్కండి. పేర్లెందుకు, పెద్దాసుపత్రుల సంభాషణంతా ఒకే పాఠం. మేజా వెనక అమ్మాయి తల ఎత్తకుండా అడుగుతుంది.

"కార్డు ఉందా సార్?"

"కడుపునొప్పమ్మా, నాన్నగారికి నిన్న రాత్రి నుంచి..."

"సరే సార్. కార్డు ఉందా?"

"ఉంది."

"ఎంతకు?"

"మూడు లక్షలకు."

ఇప్పుడు ఆమె తల ఎత్తుతుంది. నవ్వుతుంది కూడా. "డీలక్స్ రూం ఖాళీగా ఉంది సార్. టీవీ ఉంది, అటెండరుకు సోఫా ఉంది. ఇన్సూరెన్సే కదా!"

ఆ చివరి మాట చూశారా, "ఇన్సూరెన్సే కదా"? ఆ మాట చెవినపడగానే కొడుకు గుండెలో పితృభక్తి ఉప్పొంగుతుంది. సొంత డబ్బయితే జనరల్ వార్డు చాలనుకునేవాడే, ఇప్పుడు నాన్నకు సోఫా లేకపోతే ఎలా అంటాడు. నాన్నకు కావలసింది నొప్పి తగ్గడం. సోఫా మీద పడుకునేది కొడుకే.

మన పక్కనే వడుగపట్టి వెల్లుల్లి సంత ఉంది. అక్కడి వ్యాపారులు బేరంలో ఉద్దండులే. కానీ గడ్డ సైజు చూస్తారు, ఆరుదల చూస్తారు, ధర అరిచి చెబుతారు. "డబ్బు నువ్వే కడతావా, మీ మామ కడతాడా? మామ అయితే ఆయన దగ్గర ఎంత ఉంది?" అని అడిగి, జవాబు విన్నాక కిలో ధర చెప్పే వెల్లుల్లి వ్యాపారి ఇంకా పుట్టలేదు. పుట్టినా, ఆ పూటే సంతలో వాడి తక్కెడ విరిచేసేవాళ్లు. ఆసుపత్రిలో అదే ప్రశ్న అడిగితే మనం కార్డు తీసి రెండు చేతులతో అందిస్తాం.

ఇక లెక్కకు వద్దాం. రోజుకు 6,000 రూపాయల గది అనుకుందాం. పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు పది. నెలకు 1,80,000. ఏడాదికి 21,90,000. పాత చట్టం చెప్పిన 9 శాతం న్యాయపు బాడుగ లెక్కలో వెనక్కి కట్టుకుంటూ వస్తే ఆ ఒక్క గది ఖరీదు సుమారు 2 కోట్ల 43 లక్షలు కావాలి. చదరపు అడుగు రెండు లక్షల పైమాట! తిరుమల నాయకుడు కట్టిన మహలు స్తంభాల మధ్య జాగా అమ్మినా ఆ రేటు పలకదేమో.

"అయ్యా, గది అంటే ఉత్త గోడలా? ఆక్సిజన్ గొట్టం, రాత్రీపగలూ నర్సు, జనరేటరు, ఇవన్నీ ఉండవా?" అంటారు. ఉంటాయి. ఒప్పుకుంటాను. అందుకే బిల్లు రెండో పేజీ తిప్పండి. నర్సింగు చార్జి వేరే గీత. డ్యూటీ డాక్టరు వేరే గీత. ఆక్సిజన్ గంటల లెక్కన వేరే గీత. మానిటరు వేరే. ఇవన్నీ తీసేశాక ఆ 6,000 దేనికో చెప్పగలిగినవాళ్లు నాకింకా తగల్లేదు. బహుశా సోఫాకు.

ఇంతదాకా చెప్పింది చిల్లర విద్య. అసలు విద్య ముందుంది. పాత పాలసీలు చాలావాటిలో గదికి ఒక గీత గీసి ఉంటుంది: రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, ఐసీయూకు 2 శాతం. మూడు లక్షల పాలసీ అయితే గదికి 3,000. నియంత్రణ సంస్థే రూపొందించి 2020 ఏప్రిల్ నుంచి అమ్మించిన ఆరోగ్య సంజీవని పాలసీలో 2 శాతం, కానీ 5,000 దాటకూడదు. డీలక్స్ గదిలో దిగిన మన కొడుకు ఈ గీత సంగతి విని, "ఓహో, రోజుకు మూడు వేలు మన చేతినుంచి, అయిదు రోజులకు పదిహేను వేలు, పోనీలే" అనుకుంటాడు. పిచ్చినాయన!

బిల్లు రెండు లక్షలు వచ్చిందనుకోండి. గది 30,000. ఆపరేషను, డాక్టర్లు, థియేటరు వగైరా 1,10,000. మందులు, పరీక్షలు 60,000. కంపెనీవాడు ఏమంటాడంటే, నీకు అర్హత 3,000 గదికి, నువ్వు ఉన్నది 6,000 గదిలో, అంటే సగానికే అర్హుడివి. కనుక గదికి సగం, ఆపరేషనుకూ సగం, డాక్టరుకూ సగం! 15,000, 55,000, మందుల 60,000 కలిపి 1,30,000 ఇచ్చి చేతులు దులుపుకుంటాడు. మిగిలిన 70,000 కొడుకు కట్టుకోవాలి. గదిలో తేడా 15,000, జేబులోంచి పోయేది 70,000. దీని పేరు దామాషా కోత. 2020 జూన్‌లో ఐఆర్‌డీఏఐ కలగజేసుకుని మందులకు, పరీక్షలకు, లోపల అమర్చే పరికరాలకు, ఐసీయూకు ఈ కోత వేయకూడదని చెప్పబట్టి ఇంతతో పోయింది. లేకుంటే మాత్రలు కూడా గది స్థాయిని బట్టి సగం సగమే మింగినట్టు లెక్క.

ఈ కోతను చూసి కంపెనీని తిట్టేముందు ఒక్క క్షణం ఆగండి. వాడు ఈ లెక్క ఎక్కడ నేర్చుకున్నాడు? ఆసుపత్రి రేట్ల పుస్తకంలోనే. చాలాచోట్ల గది స్థాయిని బట్టి ఆపరేషను ఖరీదు మారుతుంది. అదే డాక్టరు, అదే కత్తి, అదే థియేటరు, అదే అపెండిక్సు. జనరల్ వార్డు నుంచి వచ్చిన కడుపయితే ఒక రేటు, డీలక్స్ నుంచి దిగి వచ్చిన కడుపయితే ఇంకో రేటు. మత్తుమందు ఇచ్చాక ఏ గదినుంచి వచ్చిందో కడుపుకు తెలియదు, కత్తికి అసలే తెలియదు. బిల్లు రాసే కంప్యూటరుకు మాత్రం చక్కగా తెలుసు. టీవీ ఉన్న గదిలో పడుకున్నవాడి పేగు కోయడం ఎక్కువ కష్టమని వైద్యశాస్త్రం ఎక్కడ చెప్పిందో ఎవరైనా చూపిస్తే ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

గదుల బాడుగలో ఏమేమి కలిసి ఉండాలో కూడా ఐఆర్‌డీఏఐ ఒక పట్టీ ఇచ్చింది. 37 అంశాలు. చదివితే కడుపు చెక్కలవుతుంది, కుట్లు వేసుకున్నవాళ్లు చదవకండి. దువ్వెన, టూత్‌పేస్టు, బ్రష్షు, చెప్పులు, ఉతికిన దుప్పటి, ఏసీ, గది ఊడ్చిన కూలి, ఫైలు తెరిచిన చార్జి, చూడవచ్చినవాళ్ల పాసు చార్జి, మణికట్టుకు కట్టే పేరు పట్టీ, డిశ్చార్జి చేసినందుకు చార్జి. ఇవి గది బాడుగలోనే కలిసిపోవాలి, విడిగా అడగకూడదు అని ఒక దేశపు నియంత్రణ సంస్థ కూర్చుని పట్టీ రాయాల్సి వచ్చిందంటే, అంతకుముందు వీటిని విడివిడిగా అడిగిన ప్రతిభావంతులు ఉండే ఉంటారు గదా! మా బావ నాలుగు వాటాల యజమాని. ఇన్నేళ్లలో ఆయనకు గడప దాటి లోపలికి వచ్చినందుకు ఒక చార్జి, బయటికి పోయినందుకు ఒక చార్జి వేయాలని తట్టలేదు. చదువుకోనివాడు మరి.

కాపురం ఎన్నాళ్లుండాలన్నదీ రోగం నిర్ణయించదు. పగటి చికిత్సలని పట్టీలో ఎక్కినవి పోను, మిగతావాటికి 24 గంటలు పడుకుంటేనే చాలా పాలసీలు పలుకుతాయి. గుళ్లో నిద్ర చేస్తే మొక్కు తీరినట్టు, ఇక్కడ ఒక రాత్రి నిద్ర చేస్తేనే క్లెయిము పుణ్యం దక్కుతుంది. సాయంత్రం ఇంటికి పోగలిగినవాడిని "రాత్రికి అబ్జర్వేషన్‌లో పెడదాం" అంటారు. ఎవరు ఎవరిని అబ్జర్వు చేస్తారో తెల్లవారేదాకా ఎవరికీ తెలియదు.

వెళ్లే రోజు చూడాలి. ఉదయం రౌండ్స్‌లో డాక్టరు వీపు తట్టి "ఇంటికెళ్లొచ్చు పెద్దాయనా" అంటాడు. పెద్దాయన పదింటికే ఆసుపత్రి అంగీ విప్పేసి, ఉతికిన పంచె కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని మంచం అంచున కూర్చుంటాడు. సంచిలో చెంబు, ఫ్లాస్కు, సగం అయిన హార్లిక్స్ సీసా. పన్నెండుకు ఫైలు కిందికి పోయింది. రెండుకు కంపెనీకి పోయింది. నాలుగుకు "ఒక ప్రశ్న వేశారు సార్, జవాబు పంపాం" అన్నారు. ఆరుకు పెద్దాయన పంచె మడత నలిగింది. ఏడున్నరకు నర్సమ్మ వచ్చి "రాత్రికి ఇడ్లీనా, గోధుమ రవ్వ ఉప్మానా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అర్థం రాత్రి భోజనం కాదు, మరో రోజు బాడుగ.

దీనికీ మందు రాశారు. 2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు మొదటి అనుమతి చెప్పాలి. డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. అంతకుమించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వడ్డిస్తే, ఆ డబ్బు కంపెనీ తన వాటాదారుల నిధిలోంచి కట్టాలి. చాలా మంచి మాట. మూడు గంటల గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న ఒక్క సందేహం మాత్రం మిగిలింది. ఆసుపత్రి అర్జీ పంపినప్పటి నుంచే గదా! కనుక అర్జీని కింది అంతస్తులో కాసేపు విశ్రాంతి తీసుకోనిస్తారు. రోగితోపాటు కాగితానికీ బెడ్ రెస్టు.

ఇంత పెద్ద విందులో సర్కారు ఆకు వేసుకోకుండా ఎలా ఉంటుంది? 2022 జూలై 18 నుంచి రోజుకు 5,000 దాటిన గది మీద, ఐసీయూ తప్ప, 5 శాతం జీఎస్‌టీ. పోనీ కార్డు కొనేటప్పుడైనా వదిలారా? 2025 సెప్టెంబరు 22న వ్యక్తిగత పాలసీల మీద పన్ను ఎత్తేసేదాకా ప్రీమియం మీద 18 శాతం. జబ్బు వస్తుందేమోనని భయపడ్డందుకు 18, వచ్చాక పడుకున్నందుకు 5. భయానికే పన్ను ఎక్కువ ఉండేది. అది మాత్రం న్యాయమే, భయపడేవాళ్ల సంఖ్య ఎక్కువ.

ఈ ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లకు మధ్యవర్తుల రాజ్యం కొత్త కాదు. మదురైలో విశ్వనాథ నాయకుడు రాజ్యాన్ని 72 పాళెయాలు చేసినప్పుడు మన కంబళత్తు నాయకుల్లో పలువురు పాళెగాళ్లయ్యారు. ఊరికి కావలి కాస్తామని చెప్పి ఇంటింటా కావలి పన్ను వసూలు చేసేవాళ్లు. వాళ్లు చేసిన దోపిళ్ల కథలు మనకు తెలియనివి కావు. కానీ ఆ పద్ధతిలో ఒక నీతి ఉండేది: దొంగలు పడి సొత్తు పోతే, దొంగను పట్టివ్వలేకపోతే, కావలివాడే ఆ నష్టం కట్టాలి. ఇప్పటి పాళెగాడి పేరు టీపీఏ, అంటే థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్. 2001 నుంచి చట్టబద్ధంగా కంపెనీకీ ఆసుపత్రికీ నడుమ కూర్చున్నాడు. కంపెనీ ఇచ్చే ఫీజుతో బతుకుతాడు, ఆసుపత్రి కాగితాలు చూస్తాడు, రోగి ఫోనెత్తడు. సొత్తు పోయిందని రోగి మొర పెట్టుకుంటే "నిర్ణయం కంపెనీది" అంటాడు. కంపెనీని అడిగితే "టీపీఏ పరిశీలనలో ఉంది" అంటుంది. పాతకాలపు పాళెగాడు గుర్రమెక్కి కనబడేవాడు. వీడు ఒక నంబరు. అయిదు నొక్కితే తమిళం, ఆరు నొక్కితే ఇంగ్లీషు, ఎంత నొక్కినా మనిషి రాడు.

ఎవరినడిగినా ఎవరి గోడు వాళ్లకుంది. ఆసుపత్రివాళ్లు అంటారు: "కంపెనీ నెలల తరబడి డబ్బు ఆపుతుంది, బిల్లులో కొంత కొట్టేస్తుంది, కొట్టేస్తుందని తెలిసే కాస్త పెంచి రాస్తాం." కంపెనీవాళ్లు అంటారు: "పెంచి రాస్తారని తెలిసే కొట్టేస్తాం." ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి నిజాలకూ వడ్డీతో సహా కట్టేది మూడోవాడు. మరుసటి ఏడాది ప్రీమియం నోటీసు రూపంలో ఆ డీలక్స్ సోఫా తిరిగి ఇంటికి వస్తుంది. ఆ ఏడాది ఆసుపత్రి మెట్లే ఎక్కనివాడి ఇంటికి కూడా వస్తుంది.

దేవదానపట్టి మూంగిలణై కామాక్షి అమ్మవారి గుళ్లో గర్భగుడి తలుపు తెరవరు. మూసిన తలుపుకే పూజ, హారతి. అమ్మ విషయంలో అది భక్తి, తరతరాల ఆచారం, దాని జోలికి ఎవరూ పోనక్కర్లేదు. మదురై ఆసుపత్రి రేట్ల పట్టిక కూడా అలాగే మూసిన తలుపు వెనకే ఉండాలని ఏ ఆగమం చెప్పింది? 2012 నాటి కేంద్ర నిబంధనల్లో రేట్లు స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ అందరికీ కనబడేచోట పెట్టాలని ఉంది. రేట్లు ప్రభుత్వం నిర్ణయించిన హద్దుల్లో ఉండాలనీ ఉంది. ఆ హద్దులే ఎవరూ గీయలేదు. 2024 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది: తేల్చండి, తేల్చకపోతే కేంద్ర ఉద్యోగులకు ఇచ్చే సీజీహెచ్‌ఎస్ రేట్లనే అందరికీ తాత్కాలికంగా పెట్టేస్తాం అంది. ఆ సీజీహెచ్‌ఎస్ గది రేటు 2023 ఏప్రిల్‌లో పెంచాక కూడా ఎంతో తెలుసా? జనరల్ వార్డుకు 1,500, ఇద్దరు పంచుకునే గదికి 3,000, విడిగదికి 4,500. అంటే విడిగదిని 4,500కు ఇచ్చి బతకగల ఆసుపత్రులు దేశంలో ఉన్నాయి. కార్డు రంగు మారగానే అవే గోడలకు కొత్త వెల పుడుతుంది.

రేటు దాచకుండా ఆసుపత్రి నడవదు అనేవాళ్లు అదే మదురైలో అణ్ణానగర్ దాకా నడిచి వెళ్లాలి. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి 11 మంచాలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి అక్కడుంది. డబ్బు కట్టే వరుసలో నిలబడాలా, ఉచిత వరుసలో నిలబడాలా అన్నది వచ్చినవాడే నిర్ణయించుకుంటాడు. ఆదాయం సర్టిఫికెట్ అడగరు. బాడుగ ఎంత కట్టాలో అద్దెదారే ఎంచుకునే ఇల్లు! వ్యాపారశాస్త్రం ప్రకారం అది ఏడాదిలో మూతపడాలి. మూతపడలేదు. కట్టినవాళ్ల డబ్బుతో కట్టలేనివాళ్లకు చూపు వచ్చింది, ప్రపంచంలోని వ్యాపార కళాశాలలు వచ్చి పాఠం రాసుకుని పోయాయి. పక్క వీధుల ఆసుపత్రులు మాత్రం ఇంకా ఆ పాఠానికి రాలేదు. పోనీ మన పెరియకుళంలోనే జిల్లా ప్రధాన ప్రభుత్వాసుపత్రి ఉంది. మంచానికి బాడుగ లేదు. అక్కడ సోఫా లేదని, కార్డు చెల్లదని మనమే గదా బస్సెక్కి మదురై పోతున్నాం!

అందుకే తిట్లలో మన వాటా మనం తీసుకోవాలి. కారు అద్దం పగిలితే నాలుగు షెడ్లు తిరిగి రేటు అడుగుతాం. పెళ్లి మండపం బాడుగ కోసం నెల రోజులు బేరమాడతాం. ఆసుపత్రి గది దగ్గర మాత్రం రాజులమైపోతాం, ఎందుకంటే ఖజానా పరాయివాడిదని మనకో నమ్మకం. మేజా వెనక అమ్మాయి బతికేది ఆ నమ్మకం మీదే.

ఈసారి ఆ నమ్మకాన్ని గడప బయట వదిలి లోపలికి వెళ్లండి. పాలసీలో గది పరిమితి ఎంతో ఒళ్లు బాగున్నప్పుడే చదివి, ఇంట్లో అందరికీ చెప్పండి. చేరేముందు గది రేటు, ఆ రేటులో ఏమేమి కలిసి ఉన్నాయో కాగితం మీద అడగండి. గది మారితే ఆపరేషను ఖరీదు మారుతుందా అని సూటిగా అడగండి. మారదంటే ఆ మాట రాయించుకోండి, అలాంటి ఆసుపత్రిలో కంపెనీ దామాషా కోత వేయకూడదని 2020 నిబంధనల్లోనే ఉంది. బిల్లులో దువ్వెన, ఫైలు, పాసు విడిగా కనబడితే కొట్టేయించండి. కంపెనీ అన్యాయంగా కోస్తే ముందు కంపెనీకే రాయండి, జవాబు నచ్చకపోతే చెన్నైలోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదం తేల్చే అధికారం ఆయనకుంది.

"కార్డు ఎంతకు?" అని అడిగితే ముందు "గది ఎంతకు?" అని తిరిగి అడగండి. ఇన్సూరెన్సు కంపెనీ మన బిల్లులు కట్టేది ప్రధానంగా మీరూ నేనూ కట్టిన ప్రీమియంలోంచే. బాడుగ కట్టేది మనమే కాబట్టి, బేరం కూడా మనమే ఆడాలి.